పసిబిడ్డతో సముద్రం దాటే ముందు

 

గత శీతకాలంలో ఒక శుక్రవారం జుమా నమాజు అనంతరం పుంగనూరు నుండి ఒక కుటుంబం మదనపల్లెలోని మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళకు దగ్గర పడిన యువకుడు, అతని భార్య, అతని తల్లి, ఆ తల్లి చంకలో ఏడాదిన్నర పసివాడు. యువకుడు కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. రెండేళ్ళ తరువాత నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. అతడు విమానం ఎక్కేనాటికి బిడ్డ ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు.

మాటల మధ్య యువకుడు బిడ్డను ఎత్తుకోబోయాడు. వాడు గుక్కపట్టి ఏడ్చి జేజి మెడను వాటేసుకున్నాడు. వాడిని ఊరడించడానికి తల్లి మొబైలు తీసి, అందులో ఉన్న తండ్రి ఫొటో చూపింది. వెంటనే ఏడుపు ఆగిపోయింది. వాడు “అబ్బా, అబ్బా” అంటూ ఆ అద్దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. రెండడుగుల దూరంలో అసలు తండ్రి చేతులు చాచి అలాగే నిలబడి ఉన్నాడు. ఆ దృశ్యం చూశాక కాసేపు మా గదిలో ఎవరమూ మాట్లాడలేదు.

వారు వచ్చిన విషయం ఇది. యువకుడు భార్యాబిడ్డలను తీసుకుని అయిదు రోజులు అండమాన్ దీవులకు వెళ్ళాలనుకుంటున్నాడు. తల్లికి అది ఇష్టం లేదు. “హజ్రత్, మీరే చెప్పండి. ఎండలో బండి నడిపి సంపాదించిన డబ్బు సముద్రంలో పోయాలా? ఇంకా సరిగ్గా నడక రాని బిడ్డను నీళ్ళ మధ్యకు తీసుకుపోతారా? రేపు వాడికి ఏం గుర్తుంటుందని?” అని అడిగింది. కోడలు తల వంచుకుని కూర్చుంది గాని ఒక్క మాటా అనలేదు.

నిజం చెప్పాలంటే నా మనసు మొదట ఆ తల్లి వైపే మొగ్గింది. అయినా వెంటనే జవాబు చెప్పక, రెండు రోజులు గడువు అడిగి పంపాను. వారు గడప దాటగానే లోపలి గది నుండి మా ఇంటావిడ బయటకు వచ్చి, “ఆమె బాధ డబ్బు గురించి కాదండీ. ఆమె కూడా రెండేళ్ళు ఎదురుచూసింది. నలభై రోజుల్లో అయిదు రోజులు కొడుకు కంటికి కనిపించకుండా పోతాడని ఆమె దిగులు” అంది. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు తోచని విషయం అది. వారికి ఇచ్చిన సమాధానంలో మొదటి మాట మా ఇంటావిడదే. మన ప్రాంతంలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి అరుదు. ఇదే ప్రశ్న మరెన్నో ఇళ్ళలో ఉండవచ్చునన్న ఉద్దేశంతో ఆ సమాధానాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇది దుబారాయేనా?

విహారయాత్ర అనగానే అది ధర్మానికి దూరమైన విషయమని కొందరు భావిస్తారు. అది సరికాదు. భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల పిలుపునిచ్చింది. సముద్రంపై ఓడలు సాగడం అల్లాహ్ అనుగ్రహమనీ, సహనం, కృతజ్ఞత గలవారికి అందులో నిదర్శనాలు ఉన్నాయనీ లుఖ్మాన్ సూరా 31వ ఆయతు బోధిస్తోంది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్న సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. భార్యతో ఆనందంగా గడిపే ఘడియ విశ్వాసి గౌరవానికి లోటు కాదని ఆ సంఘటన తెలుపుతుంది.

ఇక ఖర్చు సంగతి. కరుణామయుని దాసులు ఖర్చు చేసేటప్పుడు దుబారాకూ పోరు, పిసినారితనానికీ పోరు, ఈ రెంటికీ మధ్య నిలుస్తారని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు సారాంశం. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, ఇంటివారికి ఖర్చు చేసిన దీనార్లలో ఇంటివారిపై పెట్టినదానికే అధిక పుణ్యమని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. కాబట్టి ఇంటివారి సంతోషానికి పెట్టే డబ్బు సముద్రంలో పోసినట్లు కాదు. అయితే ఒక వరుస ఉంది. తీర్చవలసినవి తీరిన తరువాతే కోరుకున్నవి.

రెండు రోజుల తరువాత యువకుడు ఒంటరిగా వచ్చినప్పుడు అతడిని నాలుగు ప్రశ్నలు అడిగాను. ఈ ప్రయాణానికి అప్పు చేస్తున్నావా? చేయడం లేదన్నాడు. జకాతు బాకీ ఉందా? లేదన్నాడు. తల్లికి నెలనెలా ఇవ్వవలసినది ఇస్తున్నావా? ఇస్తున్నానన్నాడు. భార్య మహర్ చెల్లించావా? దీనికి మాత్రం సమాధానం లేదు. తల వంచుకున్నాడు.

పాఠకులారా, ఇది ఆ ఒక్క యువకుని తప్పు కాదు. నికాహ్ సమయంలో సభ ముందు ప్రకటించిన మహర్‌ను చాలా ఇళ్ళలో కాగితం మీదనే వదిలేస్తున్నాము. భర్త మరణశయ్యపై ఉన్నప్పుడు బంధువులు వచ్చి, మాఫీ చేయమని భార్యను ఒత్తిడి చేస్తారు. మహర్ భార్య హక్కు. అది భర్త మెడ మీద ఉన్న అప్పు. అప్పు తీర్చకుండా అప్పిచ్చినవారిని విహారానికి తీసుకువెళ్ళడం ఎలా ఉంటుందో ఆలోచించండి. అతడు ఆ వారంలోనే మహర్ చెల్లించాడు. దానితో అయిదు రోజుల ప్రయాణం నాలుగు రోజులయింది. సముద్రపు ఒడ్డున రిసార్టుకు బదులు ఊరిలోని సాధారణ లాడ్జి మిగిలింది. ఆ అమ్మాయి ఆ మార్పుకు ఏమాత్రం నొచ్చుకోలేదని తరువాత తెలిసింది.

“వాడికేం గుర్తుంటుంది?”

ఆ తల్లి అడిగిన ప్రశ్నల్లో ఇదే అన్నిటికంటే బలమైనది. ఏడాదిన్నర బిడ్డకు సముద్రం గుర్తుండదన్నది నిజమే. మనలో ఎవరికీ ఆ వయసు సంగతులు జ్ఞాపకం లేవు. అయినా మనల్ని ఎత్తుకున్న చేతులెవరివో మన శరీరానికి ఆ వయసులోనే తెలిసింది. ఎవరి గొంతు వింటే భయం పోతుందో మనం నేర్చుకున్నది కూడా అప్పుడే. జ్ఞాపకం మిగలదు గాని నమ్మకం మిగులుతుంది.

హజ్ ప్రయాణంలో రౌహా అనే చోట ఒక మహిళ తన పసిబిడ్డను పైకెత్తి చూపి, వీడికీ హజ్ ఉందా అని దైవప్రవక్త (స)ను అడిగింది. ఉంది, పుణ్యం నీకు కూడా లభిస్తుంది అని ఆయన సమాధానమిచ్చారు. ఇది ముస్లిం గ్రంథంలోని ఉల్లేఖనం. ఆ పసివాడికి తవాఫ్ గుర్తుంటుందా, అరఫాత్ గుర్తుంటుందా అని ఆయన అడగలేదు. బిడ్డను మోసినవారి శ్రమను ఆయన లెక్కలోకి తీసుకున్నారు.

మరో సందర్భంలో అఖ్రా బిన్ హాబిస్ అనే తెగ నాయకుడు, దైవప్రవక్త (స) తన మనుమడు హసన్ (రజి)ను ముద్దాడడం చూసి, తనకు పదిమంది పిల్లలున్నా ఏనాడూ ఒక్కరినీ ముద్దాడలేదన్నాడు. కరుణ చూపనివానికి కరుణ లభించదని ఆయన హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను యువకునిగా ఉన్నప్పుడు కుప్పంలోని ఒక మదర్సాలో పాఠాలు చెప్పేవాడిని. ఇల్లు మదనపల్లెలోనే. గురువారం పాఠాలు ముగిశాక బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరేవాడిని. శుక్రవారం గడిచి, శనివారం తెల్లవారుజామున తిరిగి బయలుదేరేవాడిని. మా పెద్దవాడికి అప్పుడు రెండేళ్ళు. గురువారం రాత్రి నన్ను చూసి తల్లి కొంగు చాటుకు వెళ్ళేవాడు. శుక్రవారం సాయంత్రానికి కొంచెం దగ్గరయ్యేవాడు. అప్పటికి నా సంచి సర్దే వేళ అయ్యేది. ఇంటికి వచ్చే విద్యార్థులు నన్ను పిలిచే పిలుపు విని, వాడు కూడా నన్ను “హజ్రత్” అనే పిలిచేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని. వాడు నన్ను “అబ్బా” అని పిలవడం మొదలుపెట్టేసరికి వాడికి నాలుగేళ్ళు దాటాయి. ఇప్పుడు వాడు గృహస్థుడు, మంచివాడు, నా మాటను గౌరవిస్తాడు. అయితే కష్టం వచ్చినప్పుడు ముందుగా తల్లికే ఫోను చేస్తాడు. అందుకు వాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఒకరి బిడ్డలకు ఖుర్ఆన్ నేర్పే తొందరలో నా బిడ్డకు నన్ను నేను నేర్పలేదు.

కాబట్టి ఆ యువకునితో ఇలా అన్నాను: “నాయనా, నువ్వు అండమాన్ వెళ్ళేది సముద్రం చూడడానికని అనుకోకు. పొరుగువారి రాకపోకలు, పెళ్ళి పిలుపులు, బంధువుల ఇళ్ళ భోజనాలు లేని చోట నీ బిడ్డ నిన్ను చూడడానికని అనుకో. అందుకు అండమానే కావాలని లేదు. హార్స్‌లీ కొండ మీద చెట్టు కింద ఒక పగలు గడిపినా చాలు. స్తోమత ఉండి సముద్రానికే వెళ్ళదలిస్తే వెళ్ళు. ఒక షరతు. మీ అమ్మను కూడా తీసుకువెళ్ళు.”

అతడు ఆశ్చర్యపోయాడు. తల్లిని రమ్మని అడగాలన్న ఆలోచన అతనికి రాలేదట. ఆమె ఇంతవరకు సముద్రాన్నే చూడలేదని కూడా అప్పుడే చెప్పాడు.

ప్రయాణంలో ఆరాధన

సొంత ఊరి పొలిమేర దాటి సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించి వెళ్ళేవాడు, గమ్యంలో పదిహేను రోజుల కంటే తక్కువ ఉండదలిస్తే, హనఫీ మజ్‌హబ్ ప్రకారం ముసాఫిర్ అవుతాడు. అతడు జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగు రకాతులకు బదులు రెండుగా చేయాలి. ఫజర్, మగ్రిబ్, విత్ర్ నమాజుల్లో మార్పు లేదు. మదనపల్లె వారు హార్స్‌లీ కొండకు వెళ్ళినప్పుడు ఈ సడలింపు వర్తించదు. అండమాన్‌కు వర్తిస్తుంది.

సమయం విషయంలో చాలామంది పొరబడతారు. మన దేశమంతటా గడియారం ఒక్కటే గాని సూర్యుడు అందరికీ ఒకే వేళకు రాడు. అండమాన్ దీవులు మదనపల్లెకు దాదాపు 14 రేఖాంశాలు తూర్పున ఉన్నాయి. ఒక్కో రేఖాంశానికి నాలుగు నిమిషాల చొప్పున సుమారు 55 నిమిషాల తేడా వస్తుంది. జనవరి మధ్యలో మనకు సాయంత్రం ఆరు దాటాక సూర్యాస్తమయమైతే, అక్కడ అయిదుంబావుకే మగ్రిబ్ వేళ అవుతుంది. ఫజర్ వేళ కూడా అంతే ముందుగా వస్తుంది. మొబైలులో మన ఊరి నమాజు వేళలే ఉంచుకుని వెళితే అసర్ తప్పిపోయే ప్రమాదం ఉంది. దిగిన వెంటనే ఆ ఊరి మస్జిదులో వేళలు చూసుకోండి.

చీకటి పడే వేళ పిల్లలను ఇంట్లో ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీలో ఉంది. అయిదుంబావుకే పొద్దుగూకే చోట ఆ ఆదేశం మరింత గుర్తుంచుకోదగినది. సూర్యాస్తమయం ఫొటోల కోసం పసివాడిని చీకటి ఒడ్డున కూర్చోబెట్టకండి.

సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని కొందరికి సందేహం. మేము కొద్దిపాటి మంచినీటితో సముద్రం మీద వెళతాము, ఉప్పునీటితో వుజూ చేయవచ్చునా అని ఒక వ్యక్తి దైవప్రవక్త (స)ను అడిగాడు. దాని నీరు పరిశుద్ధపరిచేదనీ, అందులో చచ్చినది హలాల్ అనీ ఆయన తెలిపారు. దీని ఆధారంగానే చేపకు జబహ్ అవసరం లేదని పండితులు వివరించారు. అక్కడి భోజనశాలల్లో రొయ్యలు, పీతలు కూడా వడ్డిస్తారు. రొయ్య విషయంలో హనఫీ పండితుల మధ్య భేదాభిప్రాయముంది. పీతను హనఫీలు తినరు. షాఫయీలకు ఈ విషయంలో ఎక్కువ వెసులుబాటు ఉంది. ఎవరి మజ్‌హబ్‌ను వారు పాటించాలి.

పసివాడుంటే నమాజు ఎలా అని తల్లులు అడుగుతారు. దైవప్రవక్త (స) తన మనుమరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు కింద దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. బిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును క్లుప్తం చేసేవారు. అయితే బిడ్డ బట్టలకు అశుద్ధం అంటకుండా చూసుకోవాలి. భర్త నమాజు చేసేటప్పుడు భార్య, భార్య నమాజు చేసేటప్పుడు భర్త బిడ్డను పట్టుకోవడం అన్నిటికంటే సులువు. అలా చేస్తే తండ్రి చేతులకు బిడ్డ రోజుకు అయిదుసార్లు అలవాటవుతాడు.

బిడ్డ మీ చేతిలో అమానతు

ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ తిర్మిజీలో ఉంది. పసిబిడ్డతో ప్రయాణానికి అంతకు మించిన సూత్రం లేదు.

చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటలకు కొంచెం పైగా పడుతుంది. 2024 నుండి ఆ నగరం పేరు శ్రీ విజయపురం. ఓడలో అయితే దాదాపు మూడు రోజులు. పసిబిడ్డతో ఓడ ప్రయాణం వద్దనే నా సలహా. రెండేళ్ళు నిండని బిడ్డకు విమానంలో వేరే సీటు ఉండదు, ఒడిలోనే కూర్చోబెట్టుకోవాలి. వయసు నిరూపణకు జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. విమానం దిగేటప్పుడు చెవులు బిగుసుకుని పిల్లలు ఏడుస్తారు. ఆ సమయంలో పాలు పట్టితే మింగడం వల్ల ఉపశమనం కలుగుతుంది. తల్లిపాలు పూర్తిగా రెండేళ్ళు ఇవ్వవచ్చునని బఖరా సూరా 233వ ఆయతు తెలిపింది. దుపట్టా చాటున పాలివ్వడానికి ఏ తల్లీ సిగ్గుపడనవసరం లేదు.

వానకాలంలో అక్కడ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, దీవుల మధ్య పడవలు నిలిచిపోతాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు అనుకూలం. హేవ్‌లాక్ దీవికి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు, పడవ ఎక్కే ముందు పసివాడి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందో లేదో అడగండి. పెద్దల జాకెట్ నుండి పసివాడు జారిపోతాడు. కొన్ని తీరాల్లో మొసళ్ళ గురించి హెచ్చరిక బోర్డులు ఉంటాయి. వాటిని చూసి నవ్వుకోకుండా పాటించండి. మోకాలి లోతు నీరు కూడా పసిబిడ్డకు సముద్రమే. చేయి చాచితే అందేటంత దూరం దాటనివ్వకండి. మీ చేయి బిడ్డపై ఉన్నప్పుడు మొబైలు జేబులో ఉండాలి.

పొద్దెక్కాక, ఎండ తగ్గే వరకు బిడ్డను నీడలో ఉంచండి. పలుచని పొడుగు చేతుల నూలు బట్టలు, టోపీ, దోమతెర, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, మీ డాక్టరు బరువును బట్టి రాసిచ్చిన జ్వరం మందు, వీటిని మరచిపోవద్దు. కాచి చల్లార్చిన నీరే పట్టండి. రోజుకు ఒక్కచోటు చాలు. పెద్దల జాబితా పూర్తి చేయడానికి పసివాడి నిద్రను చెడగొట్టకండి.

స్నానపు దుస్తుల విషయంలో, పరాయివారి చూపు విషయంలో మన హద్దులు మనకున్నాయి. జనం పలచగా ఉండే తెల్లవారు వేళను ఎంచుకుంటే చాలా ఇబ్బందులు తప్పుతాయి. బిడ్డ బట్టలు లేని ఫొటోలను స్టేటస్‌లో పెట్టకండి. వాడికి ఇప్పుడు సిగ్గు తెలియదు, రేపు తెలుస్తుంది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన కుమారులు ఇస్మాయీల్, ఇస్హాఖ్‌ల కోసం చేసిన రక్షణ దుఆనే దైవప్రవక్త (స) హసన్, హుసైన్‌ల కోసం చేసేవారు. రాత్రి పడుకునే ముందు దానిని బిడ్డపై చదవండి.

ఆ దీవులు మనకు కొత్తవి కావు

అండమాన్‌ను కేవలం ఇసుక, అలలుగా చూసి రావడం న్యాయం కాదు. 1857 తిరుగుబాటు అనంతరం, 1858లో ఆంగ్లేయులు అక్కడ ఖైదీల స్థావరాన్ని నెలకొల్పారు. 1857 జులై 17న హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను ఆ దీవులకే పంపారు. ఆయన తిరిగి రాలేదు. మహా పండితులు ఫజ్లె హఖ్ ఖైరాబాదీ కూడా అక్కడే 1861లో కన్నుమూశారు. నేడు యాత్రికులు చూసే సెల్యులర్ జైలు అప్పటికి లేదు. దాని నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. 1921 మలబారు తిరుగుబాటులో శిక్షపడిన మాప్పిళ్ళలో ఎందరినో ఆ దీవులకు తరలించారు. తరువాత వారి భార్యాబిడ్డలు కూడా అక్కడికి చేరుకున్నారు. వారు తమ ఊళ్ళకు పెట్టుకున్న వండూరు, మంజేరి, తిరూరు వంటి పేర్లు నేటికీ దక్షిణ అండమాన్‌లో వినిపిస్తాయి. బలవంతంగా తెగిపోయిన కుటుంబాలు మళ్ళీ కలిసి కాపురం పెట్టిన నేల అది. తెలుగు మాట్లాడేవారు కూడా అక్కడ గణనీయంగా ఉన్నారు.

2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవులను ముంచెత్తింది. ఓడలోనివారు అనుకూల గాలికి సంతోషించి, తుఫాను చుట్టుముట్టగానే అల్లాహ్‌ను వేడుకుని, గట్టెక్కాక మరచిపోతారని యూనుస్ సూరా 22, 23 ఆయతులు మనిషి స్వభావాన్ని వర్ణించాయి. ఒడ్డున నిలబడినప్పుడు ఈ ఆయతులను తలచుకుంటే సముద్రం వినోదంగానే కాక పాఠంగా కూడా కనిపిస్తుంది.

తిరిగి వచ్చాక

జనవరిలో వారు నలుగురూ వెళ్ళి వచ్చారు. వచ్చిన మూడో రోజున యువకుడు, అతని తల్లి మళ్ళీ మా ఇంటికి వచ్చారు. ఏమి చూశారని ఆమెను అడిగాను. “అలలు చూసి నేనే భయపడ్డాను హజ్రత్. వాడిని కిందికి దించి వెనక్కి వచ్చేశాను. వాడు ఇటు చూశాడు, నేను అందనంత దూరంలో ఉన్నాను. అటు చూశాడు, వాళ్ళ నాన్న ఉన్నాడు. వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాడు. ఇక ఆ నాలుగు రోజులూ నా దగ్గరికి రాలేదు” అంది. ఆ మాట ఫిర్యాదులా అన్నా ఆమె ముఖంలో ఫిర్యాదు లేదు.

ఇంతటితో ముగించి ఉంటే ఈ వ్యాసం సంతోషంగా ముగిసేది. ఫిబ్రవరిలో సెలవు తీరి అతడు కువైట్ వెళ్ళిపోయాడు. మొన్న ఆ తల్లి కబురు పంపింది. బిడ్డ ఇప్పుడు మొబైలును ముద్దు పెట్టుకోవడం లేదట. తండ్రి ముఖం కనబడగానే దానిని పక్కకు తోసి, వీధి వాకిలి వైపు పరుగెడుతున్నాడట. కోడలు ఏడుస్తోందని, ఇంతకంటే ముందున్నదే మేలేమోనని ఆమె సందేహం.

అమ్మా, ముందున్నది మేలు కాదు. మునుపు వాడికి ఎడబాటు తెలియదు, ఎందుకంటే వాడికి తండ్రే తెలియడు. ఇప్పుడు తెలుసు కనుకే వెతుకుతున్నాడు. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు కూడా వర్షించాయి. ప్రేమ ఉన్నచోట కన్నీరు ఉంటుంది, అది నష్టం కాదు.

అయితే గల్ఫ్‌లో ఉన్న సోదరులకు ఒక మాట. ప్రయాణం ఒక విధమైన యాతన అనీ, పని ముగియగానే ఇంటివారి వద్దకు త్వరపడి చేరమనీ దైవప్రవక్త (స) బోధించారు. దూరపు సైనికులను నెలల తరబడి భార్యలకు దూరంగా ఉంచరాదని హజ్రత్ ఉమర్ (రజి) గడువు విధించారు. ఆ గడువు నాలుగు నెలలని ఒక ఉల్లేఖనం, ఆరు నెలలని మరొకటి. మనవారు రెండేళ్ళు, మూడేళ్ళు ఉండిపోతున్నారు. బతుకుతెరువు కష్టాలు నాకు తెలియనివి కావు. అయినా ఇంటి మీద ఇంకొక అంతస్తు వేయడానికి మరో ఏడాది ఉండిపోవాలనుకునే ముందు, వాకిలి వైపు పరుగెడుతున్న ఆ పసివాడిని ఒక్కసారి తలచుకోండి. అంతస్తు తరువాతైనా వేసుకోవచ్చు. వాడు మాత్రం రెండేళ్ళ వయసులో ఒక్కసారే ఉంటాడు.

అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేయుగాక! దూరాన ఉన్న తండ్రులను వారి బిడ్డల చెంతకు చేర్చుగాక! మన సంతానాన్ని మన కళ్ళకు చలువగా చేయుగాక! ఆమీన్.